నున్నటి గట్టు

ఆ తాపీమేస్త్రీ చేతికి ఒక జబ్బుంది. గోడలో కన్నం కనబడితే చాలు, పూడ్చేదాకా దురద తీరదు. పెళ్ళినాడు పెళ్ళికూతురికంటే ముందు మామగారింటి గోడ బీటే కళ్ళబడిందనీ, దాన్ని పూడ్చాకే ఆమె మొహం చూశాననీ చెప్పుకుంటాడు. నమ్మినవాళ్ళూ ఉన్నారు.

వాగు ఒడ్డున కొత్తగా పార్కు కట్టారు. బల్లలు, ఊయలలు, అద్దె పడవలు. జనం తొక్కిడికి మట్టిగట్టు జారకుండా సిమెంటు పూయడం మేస్త్రీ పని. నిన్న సాయంత్రం చివరి మూర పూస్తుంటే గట్టులో పిడికిలి పట్టేంత కన్నం కనబడింది. లోపల ఏదో కిచకిచమంది. ఎలుకలనుకున్నాడు. మూసేసి, నున్నగా చేసి, చేత్తో నిమిరి మరీ ఇంటికి వెళ్ళాడు.

ఈ ఉదయం పార్కు కిటకిటలాడింది. పడవలు అద్దెకిచ్చే బావమరిది పక్కన కూర్చుని మేస్త్రీ తన పనితనం చూసుకుని మురుస్తున్నాడు. ఇంతలో ఒక లకుముకి పిట్ట ముక్కున చేపతో వచ్చి, సిమెంటును ఢీకొని, కొమ్మ మీదికి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఢీకొంది. జనం ఫోన్లు తీశారు.

“నా గోడలో మొహం చూసుకుంటోందండీ” అన్నాడు మేస్త్రీ. “మొన్న ఒక కొంగయితే ఇక్కడే నిలబడి తల దువ్వుకుని పోయింది.”

అందరూ నవ్వారు. బావమరిది నవ్వలేదు.

“తినేదైతే ఈపాటికి మింగేసేది బావా. ఆ చేప దానికోసం కాదు. అక్కడ కన్నమేమైనా ఉండిందా?”

“ఉండింది. ఎలుకలనుకుని పూడ్చేశాను” అన్నాడు మేస్త్రీ. నిన్నటి కిచకిచ మళ్ళీ చెవిలో వినబడింది. ఉలీ సుత్తీ తెచ్చి, తన పనిని తానే పగలగొట్టసాగాడు.

“బంగారంలాంటి గోడ, ఎందుకయ్యా కొడతావు?” అంది బల్ల దగ్గరి పెద్దావిడ.

“లోపల పిట్టపిల్లలున్నాయమ్మా.”

“అయ్యో పాపం. పూడ్చిన మహానుభావుడెవరో?”

తప్పు కొంగమీదికో కప్పమీదికో నెట్టే కథలు అతని దగ్గర బస్తాడు ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

“నేనే” అన్నాడు, తల ఎత్తకుండా.

కన్నం తెరుచుకుంది. బావమరిది పడవలు ఆపి, జనాన్ని దూరంగా పంపాడు. చాలాసేపటికి పిట్ట లోపలికి దూరింది. పిట్ట బయటికొచ్చింది. ముక్కున చేప అలాగే ఉంది.

“ఎలుకలనుకున్నావు కదా బావా, తెలిసి చేశావా” అన్నాడు బావమరిది మెల్లగా.

“ఎలుకలైతే మాత్రం?” అన్నాడు మేస్త్రీ.

వాగులోకి దిగి ఉలి కడగడం మొదలుపెట్టాడు. దాని దుమ్ము ఎప్పుడో పోయింది. గట్టువైపు తిరగాల్సి వస్తుందని ఇంకా కడుగుతూనే ఉన్నాడు.