చెరిసగం

బోర్డు మీద అంకెలు కుడి నుంచి ఎడమకి పరుగెడుతూనే ఉన్నాయి గానీ పైపుల కంపెనీ షేరు ధర మాత్రం ఎంతకీ రావడం లేదు, మార్కండేయులుగారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకునేసరికి అవి ధరలు కావు, మంచాల నంబర్లు, ఇది కాకినాడ మెయిన్ రోడ్డులో తాము రోజూ వచ్చే షేర్ బ్రోకర్ ఆఫీసే అయినా గోడలకి ఎవరో ఆసుపత్రి ఆకుపచ్చ రంగు వేశారు, ఫినాయిల్ వాసన వస్తోంది. చెక్క బెంచీ మీద, తన పక్క చోటులో, భామిరెడ్డి కూర్చుని ఉన్నాడు. చనిపోయి ఐదు నెలలైన మనిషి ఇక్కడెలా ఉన్నాడన్న అనుమానం ఆయనకి రాదు. ఇన్నాళ్లూ రాలేదేమిటని మాత్రం అనిపిస్తుంది.

"కూర్చోరా. టీ చెప్పాను, వన్ బై టూ" అంటున్నాడు భామిరెడ్డి.

కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేసిన ఈ ఇద్దరూ రిటైరయ్యాక కూడా ఒక్క టీనే రెండు గ్లాసుల్లో పోయించుకుని చెరిసగం తాగారు. షేర్లూ అలాగే కొన్నారు. ఒకే రోజు, ఒకే ధరకి, పైపుల కంపెనీవి చెరో ఆరు వందలు. ఒకడికి చెప్పకుండా ఇంకొకడు అమ్మకూడదని టీ గ్లాసులు తాకించి మరీ ఒట్టేసుకున్నారు. ఇదేం పిల్లలాటరా అని వాళ్లలో వాళ్లే నవ్వుకున్నారు కూడా.

"మనదెంతుందిరా?" భామిరెడ్డి బోర్డు వైపు చూడకుండానే అడుగుతున్నాడు.

విశాఖ ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన మర్నాడు కూడా అచ్చం ఇలాగే అడిగాడు. అప్పటికి రెండు రోజుల ముందే, ధర నాలుగొందలు దాటగానే, మార్కండేయులుగారి చేతులు ఊరుకోక తన ఆరు వందలూ అమ్మేశారు. మంచం మీదున్న మనిషికి ఇప్పుడెందుకులే, ఇంటికొచ్చాక తీరిగ్గా చెబుదాం అనుకుని, "నేను ఉంచానురా, నువ్వూ ఉంచు" అనేశారు. భామిరెడ్డి ఇంటికి రాలేదు. ఆ షేర్లిప్పుడు అతని భార్య అనంతలక్ష్మి పేరు మీదున్నాయి. ఆవిడ మోకాళ్ల ఆపరేషన్‌కి ఆ డబ్బే ఆధారం. సోమవారం సోమవారం ఫోన్ చేసి, "మీరుంచారు కదా అన్నయ్యగారూ, మీరెప్పుడంటే అప్పుడే అమ్ముతానండి" అంటుంది. ధర చూస్తే రోజుకింత జారి సగానికి దిగింది. అమ్మెయ్యమంటే మీవెప్పుడు అమ్మారని అడుగుతుంది, ఆ ప్రశ్నకి భయపడి ఆయన ఇంకో వారం చూద్దామమ్మా అని ఫోన్ పెట్టేస్తున్నారు.

"మాట్లాడవేంట్రా? అసలివి ఎందుకు కొన్నాం మనం?" అంటున్నాడు భామిరెడ్డి.

"ఊరూరా కుళాయిలేస్తన్నారు, పైపులు కావాలని కొన్నాం."

"ఇప్పుడేస్తన్నారా?"

"ఆపేశార్రా. కంపెనీకి ఆర్డర్లు లేవంట."

"మరింకేం? దేన్ని చూసి కొన్నామో అది పోయాక ఇంక పట్టుకు కూర్చోడం దేనికి? కొన్న రేటొచ్చేదాకా ఆగుతానంటే కంపెనీకేంటి, మనం ఎంతకి కొన్నామో దానికి తెలుసా?" భామిరెడ్డి గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "అనంతలక్ష్మికి చెప్పు."

"చెబుతాన్రా. ఇద్దరం ఇవాళే అమ్మేద్దామని చెబుతాను."

ఈ అబద్ధాన్ని వారం రోజులుగా లోపల వల్లె వేసుకుంటున్నారు మార్కండేయులుగారు. తానూ ఇవాళే అమ్ముతున్నట్టు చెబితే ఆవిడ డబ్బూ దక్కుతుంది, తన పరువూ దక్కుతుంది.

"ఇద్దరమా!" భామిరెడ్డి ముఖం విప్పారుతుంది. "అయితే నీ కాగితం తియ్యి. నాదీ నీదీ కలిపి ఇచ్చేద్దాం."

మార్కండేయులుగారు జేబులో చెయ్యి పెడతారు, విశాఖ బస్సు టికెట్లు వస్తున్నాయి, మందుల చీటీలు వస్తున్నాయి, ఎంత తీసినా కాగితాలు వస్తూనే ఉన్నాయి, షేర్ల కాగితం మాత్రం రావడం లేదు, తీస్తున్న కొద్దీ బెంచీ పొడుగై భామిరెడ్డి ఆసుపత్రి వరండా చివరికి జరిగిపోతున్నాడు, గోడ గడియారం మూడున్నరకి దగ్గర పడుతోంది, మార్కెట్ మూసేస్తారు, "నా సగం చల్లారిపోతందిరా" అని అంత దూరం నుంచీ వినిపిస్తోంది.

"అమ్మేశాన్రా! నీకు చెప్పకుండా ఎప్పుడో అమ్మేశాను!"

భామిరెడ్డి మళ్లీ పక్కనే ఉన్నాడు. ఆశ్చర్యపోడు, తిట్టడు. తిడితే బాగుండునని మార్కండేయులుగారు ఎదురుచూస్తున్నారు.

"నాకు చెబితే ఏం లాభంరా?" అంటాడు. "నేనిప్పుడు కొనేదా, అమ్మేదా?"

మార్కండేయులుగారికి మెలకువ వచ్చింది. బ్రోకర్ ఆఫీసులో అదే బెంచీ, మధ్యాహ్నం భోజనం మీద పట్టిన కునుకు. గోడలు ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. టీవీలో పైపుల కంపెనీ నూట తొంభై రెండు, నిన్నటికంటే ఇంకో ఏడు రూపాయలు తక్కువ. గడియారం మూడూ పన్నెండు. పక్కన ఖాళీ చోటులో రెండు గ్లాసులున్నాయి, రెంటిలోనూ సగం సగం టీ.

"పాత అలవాటు కొద్దీ ఇవాళ మళ్లీ రెంటిలో పోసేశానండి" అన్నాడు టీ కొట్టు సూరన్న మొహమాటంగా. "ఒకటి తీసెయ్యమంటారా?"

"ఉండనీ" అని ఫోన్ తీశారు మార్కండేయులుగారు. అనంతలక్ష్మి నంబరు నొక్కారు.

"చెల్లెమ్మా, నీ షేర్లు ఇప్పుడే అమ్మెయ్యాలి. ఇంక పెరగవు."

"అలాగేనండి అన్నయ్యగారూ. మీవి కూడా అమ్మేస్తన్నారా?"

ఔననడానికి ఒక్క క్షణం చాలు. ఆయన రెండో గ్లాసు వైపు చూశారు. టీ చల్లారి పైన మీగడ కడుతోంది.

"నావి లేవమ్మా. వాడు ఆసుపత్రిలో ఉండగానే అమ్మేశాను. వాడికి చెప్పలేదు, ఉంచానని అబద్ధమాడాను. నీకూ చెప్పలేదు."

గడియారం మూడూ పదిహేడు దాటింది.

"ఆఫీసులో షేర్లు అమ్మిపెట్టే అమ్మాయికి ఫోనివ్వండి, అమ్మెయ్యమని చెబుతాను" అంది అనంతలక్ష్మి చివరికి. అన్నయ్యగారూ అని మాత్రం అనలేదు.