అన్నంలోకి కబురు

ఆమె సంచీ పట్టుకుని వీధిలోకి వచ్చిందంటే కూరగాయలకే అనుకుంటారు చూసేవాళ్ళు. కూరగాయలు బేరమాడి కొనడం ఆమెకు చిటికెలో పని. తెమలనిది ఇంకొకటి ఉంది. ఎవరింట్లో గొడవైంది, ఎవరి ఉద్యోగం ఊడింది, ఎవరు మెట్ల మీద జారారు, వీటిలో ఒక్కటైనా దొరక్కుండా ఇంటికి వెళ్ళాలంటే ఆమెకు భయం. మధ్యాహ్నం మొగుడు అన్నానికి వస్తాడు. మొదటి ముద్ద కలుపుతూ, తలెత్తకుండా అడుగుతాడు.

"ఏంటే విశేషాలు?"

ఇది ఊరికే మొదలైంది. ఒకనాడు వడ్డిస్తూ, ఇంటి ఓనరు కుళాయి దగ్గర బురదలో జారి పడ్డాడని మాటవరసకు చెప్పింది. మొగుడు పొలమారేదాకా నవ్వాడు. కూర మళ్ళీ వేయించుకున్నాడు. "ఇవాళ వంట కుదిరిందే" అన్నాడు. పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. కూర మాత్రం రోజూ వండేదే. అతను ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్. పొద్దున్నించీ కొనేవాళ్ళ ముందు పళ్ళికిలించాలి, తనకంటే చిన్నవాడైన మేనేజరుతో చీవాట్లు తినాలి. ఎవడో ఒకడు తనకంటే కింద పడ్డాడని వింటేగాని అతనికి ముద్ద దిగదని ఆమెకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఇంకేముంది, వంటా, గిన్నెలూ, బట్టలూ, వాటితో పాటు ఇదీ ఒక పనై కూర్చుంది.

కబురు లేని పూట అతని చూపు ఆమె మీదికి తిరుగుతుంది. ఆమె పన్ను వంకర, వాళ్ళమ్మ మాటతీరు, ఒక్కొక్కటే మెల్లగా బయటికి తీస్తాడు. అరవడు. అరిస్తే బాగుండునని ఆమెకు అనిపిస్తుంది. మొన్న అలాంటి పూటే, ఆమె పెరట్లో బట్టలు తీస్తుండగా పెరటి తలుపుకు లోపల గడియ పెట్టి, ముందు తలుపుకు తాళం వేసుకుని షాపుకు పోయాడు. పొద్దుగూకేదాకా గోడ నీడ వెంట జరుగుతూ కూర్చుంది. అత్తగారికి ఫోనులో చెప్పుకుంటే, "వాడి మనసు కనిపెట్టి మసులుకోవాలమ్మా" అంది. కనిపెట్టబట్టే కదా ఈ తిరుగుడంతా.

కిరాణా కొట్టాయన కూతురు పరీక్ష తప్పిన సంగతి ఆమె చెప్పిందే. ఆ సాయంత్రం అతను అక్కర్లేని అగ్గిపెట్టె కోసం కొట్టుకు వెళ్ళి, "అమ్మాయిని ఏ కాలేజీలో వేశారు?" అని పదిమందిలో అడిగి వచ్చాడు. ఆ పిల్ల కొట్లో కూర్చోవడం మానేసింది. ఈమె ఆ కొట్టుకు వెళ్ళడం మానేసింది.

ఈవేళ ఎంత తిరిగినా ఏమీ దొరకలేదు. మాయదారి వీధి, అందరూ చల్లగా ఉన్నారు. అప్పుడు వాళ్ళ వాటా పైన మేడ మీంచి మిషనక్క పిలిచింది. మిషన్ మీద బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఈమె పెరట్లో చిక్కుకుపోయిన రోజు తాడుకు నీళ్ళ సీసా కట్టి దించింది ఆవిడే. మర్నాడు మెట్ల దగ్గర అతన్ని ఆపి, "ఏం తమ్ముడూ, తాళంకప్ప కొత్తదా? బాగా పడుతోందే" అన్నదీ ఆవిడే. ఆ మాట అతను మరిచిపోలేదు.

అక్క ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని గొంతు తగ్గించింది.

"రొమ్ములో గడ్డ ఉందన్నారే. ముక్క తీసి పరీక్షకు పంపాలట. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జనం సంగతి తెలుసుగా, అయ్యో అంటూనే ఎక్కడ చూస్తారో. రేపు నాతో ఆసుపత్రికి వస్తావా చెల్లీ?"

"వస్తానక్కా" అంది.

కానీ ఆ మాటకంటే ముందు ఆమెలో ఇంకో మాట పుట్టింది. హమ్మయ్య, ఈ పూటకు దొరికింది. అక్క చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది, సూదిపోట్లతో గరుగ్గా. మనసుకు హాయిగా అనిపించింది. ఆ హాయికి ఆమె జడుసుకుంది. మొగుడి భయం అలవాటైన భయం, దాని పొడవూ వెడల్పూ ఆమెకు తెలుసు. ఇది వేరు. ఇన్నాళ్ళూ అతని కోసమే ఏరుకొస్తున్నాననుకుంది. మరి అతను నవ్విన ప్రతిసారీ తన ఒళ్ళెందుకు తేలికపడింది? బురదలో పడ్డాయనా, పరీక్ష తప్పిన పిల్లా, వాళ్ళంతా ఆ పూటకు తన బదులు పడ్డారు. పడింది తను కాదు కదా అన్న సుఖం అది. అతనిదీ అదే సుఖం. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు.

అతను వచ్చాడు. బూట్లు విసిరిన తీరు చూస్తేనే తెలిసింది, షాపులో ఏదో జరిగింది. "ఆ మేనేజరు బచ్చాగాడు, కొనేవాళ్ళ ముందే..." అని సగం మింగేసి కూర్చున్నాడు. వడ్డించింది. ముద్ద కలిపాడు.

"ఊఁ, చెప్పు."

పెరటి తలుపు వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. బయట ఎండ మండుతోంది. అక్క మాట నాలుక చివరే ఉంది.

"ఏమీ లేదండీ. అందరూ బాగున్నారు."

ముద్ద ఆగింది. "అందరూనా? పైన మిషన్ది రెండ్రోజులుగా మొహం వేలాడేసుకుని తిరుగుతోందిగా. ఏంటట దానికి?"

"అక్క కూడా బాగుంది."

అతను కంచం పక్కకు జరిపాడు. తలెత్తి, తీరుబడిగా ఆమెను చూడటం మొదలుపెట్టాడు. ఆమె గరిటె కింద పెట్టి, అతనికి ఎదురుగా కూర్చుంది. అతను తింటున్నప్పుడు ఆమె ఏనాడూ కూర్చోలేదు.

"ఈ వీధిలో బాగాలేనిది నేనొక్కదాన్నేనండీ" అంది. "నవ్వొస్తే నవ్వండి."