అల్లుడు దులిపిన సాలెగూడు

ఏలూరు పెద్దమనుషులకు కొల్లేరంటే రెండే తెలుసు: పాములు, దోమలు. కొరమీను పులుసు జుర్రుకుంటూనే ఆ మాట అంటారు. ఆ చేప ఎవరి చేతి మీదుగా వచ్చిందో అడగరు.

అల్లుడు రామకోటి కూడా అలాంటి మాటే పట్టుకుని కొల్లేటి నడుమ లంకలో అత్త సుబ్బాయమ్మ గుడిసెకు వచ్చాడు. తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో ఇంజను దగ్గర పని అతనిది. పురిటికి వచ్చిన పెళ్ళాం గంగారత్నాన్నీ, చంటివాణ్ణీ తీసుకుపోవాలి. అడుగు పెట్టగానే వాసం మీద అరచేతంత సాలీడు. చూరులో పాము కుబుసం.

"వీడికి మీసాలొచ్చేదాకా ఈ లంకకి తీసుకురానండీ అత్తయ్యా!"

"మీ ఆవిడ ఈ చూరు కిందే పెరిగింది బాబూ. దాన్నెవరూ మింగలేదు, మీరు తప్ప" అని సుబ్బాయమ్మ నవ్వింది. నవ్వడమైతే నవ్వింది గాని, ఆ పూటంతా చంటివాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. మనవణ్ణి మళ్ళీ ఎప్పుడు చూస్తుంది?

మర్నాడు ప్రయాణం. తారు పూసి గట్టు మీద బోర్లించిన తాటిదోనెను తిరగెయ్యాలి. రామకోటి అంచు కింద చెయ్యి పెట్టబోయాడు.

"చెయ్యి తియ్యండి!" సుబ్బాయమ్మ కేకకి చంటివాడు ఏడుపందుకున్నాడు. "ఇక్కడ సాలెగూడు ఏమైంది?"

"నిన్న సాయంత్రం నేనే దులిపానండీ. పిల్లాడి బట్టలకి బూజంటుకుంటుందనీ..."

"అయ్యో బాబూ! అది మాకు తలుపు గొళ్ళెమండీ. గూడు చెక్కు చెదరకపోతే లోపలికి ఎవరూ దూరలేదన్నమాట. చిరిగితే ఎవరో ఉన్నారన్నమాట. మీరు గొళ్ళెమే ఊడబీకేశారు!"

అందరినీ దూరం జరిపి, గెడతో దోనె వీపు మీద తట్టింది. తట్టి ఆగింది. మళ్ళీ తట్టింది. అంచు కింద నుంచి నాగుపాము బయటికొచ్చి, పడగెత్తి, ఒకసారి బుస కొట్టింది. రామకోటి తెడ్డు ఎత్తాడు. సుబ్బాయమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పోయేవాణ్ణి పోనివ్వండి. వాడిదీ ఈ లంకే."

పాము జమ్ముగడ్డిలోకి పోయింది. రామకోటి తన చేతి వంకే చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇలాంటి చోట పిల్లాణ్ణి ఎలా పెంచుతారే?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

గంగారత్నం ఊరుకోలేదు. "మీ మిల్లు బెల్టు మీతో పనిచేసే వీరాస్వామి చెయ్యి లాక్కుపోయిందే, అది ముందు పడగెత్తి చెప్పిందా? దానికి అడ్డం ఒక తడిక కట్టించమంటే మీ యజమాని కట్టించాడా?"

రామకోటి తెడ్డు పక్కన పెట్టి, దోనె తిరగేసి నీళ్ళలోకి తోశాడు. దోనె కదిలింది. సుబ్బాయమ్మ అది జమ్ము దాటేదాకా చూసి, ఊరెళ్ళినవాళ్ళ వెనక ఊడవకూడదని చీపురు పట్టకుండానే గుడిసెలోకి పోయింది.

చలికాలంలో మనవణ్ణి చూడాలనిపించి, ఎండుచేపల మూట నెత్తిన పెట్టుకుని ఆవిడే తాడేపల్లిగూడెం వెళ్ళింది. ఉయ్యాల పైన, మూలలో పెద్ద సాలెగూడు. సిగ్గేసింది. కూతురికి ఇల్లు ఊడ్చుకోవడం నేర్పలేదనుకుంటారు కదా! చీపురు అందుకుంది.

"ఆగండత్తయ్యా!" రామకోటి పరుగెత్తుకొచ్చాడు. "దాని జోలికెళ్ళకండి."

"ఇక్కడ పాములెక్కడున్నాయి బాబూ?"

"లేవండీ. కానీ వీడికి సాలెగూళ్ళతో ఇప్పట్నించే అలవాటవ్వాలి కదా. వేసవికి లంకకొస్తున్నాం."

సుబ్బాయమ్మ చీపురు గోడకి ఆనించింది.