పక్కింటి పిస్తా గోడ

ద్రౌపదికి కడుపుమంట ఎక్కువని భవాని పేట్‌లో అందరికీ తెలుసు. అయితే ఈసారి మంట చీర కోసమో ముక్కుపుడక కోసమో కాదు, అత్త కోసం. అత్త ఎప్పుడు అవతలి కొడుకింటికి పోతుందా అని చూసే కోడళ్ళే లోకం నిండా ఉంటే, ఈ మహాతల్లి మాత్రం మా అత్త నా ఇంట్లోనే ఉండాలని ఏడుస్తుంది. తల్లి లేని పిల్లగా కాపురానికి వచ్చింది మరి, అత్త యల్లమ్మలోనే అమ్మను చూసుకుంది.

అన్నదమ్ములు వేరుపడ్డాక యల్లమ్మ ఒక నెల పెద్దకొడుకు, అంటే ద్రౌపది మొగుడు సిద్ధరాములు ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు నరసయ్య ఇంట్లో ఉండేది. రెండిళ్ళకూ నడిమి గోడ ఒక్కటే. పంతొమ్మిది వందల యాభై ఐదు దీపావళికి నరసయ్య భార్య చంద్రభాగ ఇంట్లో సున్నం మానేసి, బొంబాయి కంపెనీ డిస్టెంపర్ వేయించింది. లేత పిస్తా రంగు. నెల గడిచినా యల్లమ్మ ఇవతలికి రాలేదు. అడిగితే, ఇక్కడ మనసుకు నిమ్మళంగా ఉందే అంది.

ఇంకేముంది, ఆ నిమ్మళమంతా గోడ రంగులోనే ఉందని ద్రౌపది తేల్చేసింది. బీడీలు చుడుతూ కూర్చుంటే అవతలి నుంచి అత్త నవ్వు వినిపించేది, ఈమెకు ఒళ్ళు మండిపోయేది. తన ఇంట్లో అత్త ఎప్పుడైనా అలా నవ్విందా? చేతికి తడి అంటకుండా చూసుకుందే! కూర్చున్న చోటికే అన్నం పళ్ళెం తెచ్చి పెట్టిందే!

మొగుణ్ణి వెంటబెట్టుకుని కొంతం చౌక్‌లో మల్లప్ప రంగుల దుకాణానికి పోయింది. బొంబాయి కంపెనీ సరుకు అయిపోయిందనీ, ఇంకో కంపెనీ పిస్తా ఉందనీ మల్లప్ప అన్నాడు. మూత తీసి చూస్తే పేరొక్కటే, రంగు వేరు. ఇది పసుపు కొడుతోంది. ఇందులో కాస్త నీలం కలుపుకుంటే దగ్గరికొస్తుంది గానీ, ముందు కాగితం మీద పూసి ఆరాక చూసుకోండని అతను చెప్పబోయాడు. సిద్ధరాములు వింటేగా! బతుకంతా నూలుకు రంగులద్దిన మనిషి. నాకే రంగులు నేర్పుతావా అన్నట్టు చూసి, డబ్బా, నీలం పొట్లం తీసుకుని నడిచాడు.

ఇక నమూనా కావాలి. ద్రౌపది చింతపండు అడిగే వంకతో తోడికోడలింటికి వెళ్ళింది. చంద్రభాగ అటు తిరగ్గానే తలుపు వెనక గోడను పిన్నుతో గీకి, గోరంత పెచ్చు కొంగున ముడేసుకొచ్చింది. సిగ్గు లేదా అంటే ఉంది. కుళ్ళు అంతకంటే ఎక్కువుంది.

అద్దకంలో ఒక రివాజు ఉంది. తొట్టిలోంచి తీసిన నూలు తడిగా ఉంటుంది కాబట్టి, నమూనా పోగును కూడా తడిపి పక్కన పెట్టి చూస్తారు. తడికి తడి కుదిరితే, ఆరాక కూడా కుదిరినట్టే. సిద్ధరాములు అలవాటు కొద్దీ ఆ పెచ్చును నీళ్ళలో ముంచి, దానికి సరిపోయేలా రంగు కలిపాడు. రెండూ ఒక్కటయ్యాయి. ఆలుమగలు మురిసిపోతూ గోడంతా పూసేశారు. అచ్చం పక్కింటి గోడే! అత్తను ఇప్పుడే పిలుద్దామా అనుకుంది ద్రౌపది.

మధ్యాహ్నానికి గోడ ఆరింది. నూలు నూలే, గోడ గోడే. ఈ కంపెనీ రంగులో సుద్ద ఎక్కువో ఏమో, ఆరేసరికి తెల్లగా పాలిపోయి జ్వరం పడి లేచిన మొహంలా తయారైంది. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. సిద్ధరాములు మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నూలైతే కుదిరేదని గొణుగుతూ బయటికి జారుకున్నాడు. ద్రౌపది గోడ ముందు కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు విని యల్లమ్మ వచ్చింది. గోడనూ కోడలినీ చూసి, ఎందుకు వేశావే అని అడిగింది. నువ్వు రావాలనే అత్తా అని ద్రౌపది ముక్కు చీదింది. యల్లమ్మ కొంగు నడుముకు దోపి, డబ్బాలో మిగిలిన రంగులో కాస్త నీలం కలిపి, రెండో పూత వేద్దామని కుంచె అందుకుంది.

ద్రౌపది చప్పున లేచి కుంచె లాగేసుకుంది. "నువ్వు కూసో అత్తా. నేనున్న గద."

"గిందుకే బిడ్డా నేను రానిది" అంది యల్లమ్మ. "ఆడ చంద్రభాగ బీడీ ఆకు కత్తిరియ్యమంటది, పోరగాండ్లకు తానం పొయ్యమంటది, ఒకపారి తిడ్తది గూడ. నీ ఇంట్ల నన్ను దేవుని పటం లెక్క కూసోబెడ్తవు. గోడ ఏ రంగుంటే నాకేంది?"

అంటే ఆ గయ్యాళి చాకిరీ చేయించుకుని గెలిచిందా? తను సేవలు చేసి ఓడిందా? రంగు మీది కుళ్ళు ఈ కుళ్ళు ముందు ఏపాటి! అయినా ద్రౌపది ఏడుపు దిగమింగి, కుంచె తిరిగి అత్త చేతిలో పెట్టింది. "కింది దిక్కు నువ్వు పుయ్యి అత్తా. నాకు నడుము వంగుతలేదు."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. యల్లమ్మ చతికిలబడి పూయసాగింది. ఒక చోట మందం, ఒక చోట పల్చన, నేలంతా చుక్కలు. సరిచేద్దామని ద్రౌపది చేతులు ఒకటే దురద పెట్టాయి. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడింది.

ఇంతలో గోడ అవతలి నుంచి చంద్రభాగ పిలిచింది, ఆకు కత్తిరించాలి, తొందరగా రమ్మని. ద్రౌపది అత్త చేతిలోని కుంచె వైపే చూసింది.

యల్లమ్మ గోడ మీంచి చూపు కూడా తిప్పలేదు. "నువ్వే కత్తిరిచ్చుకో" అని కేకేసింది. "నాకీడ పనుంది."