తగ్గినా రా

గడ్డం సగం గీసి, రెండో చెంపకి నురగ పూస్తూ, "కళ్లు ఎర్రబడ్డాయి బాబూ, ఓసారి బీపీ చూపించుకో. అది చాప కింద నీరు," అన్నాడు బార్బరు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడుతుందని ఊరికే అన్నారా!

పొద్దుటినుంచి ఎన్ని తలలు, ఎన్ని మెడలు ఆ చేతుల్లోంచి వెళ్లాయో. ఆయన్ని ముట్టుకునేవాళ్లు మాత్రం లేరు. భార్య ఉన్న రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఆయన మణికట్టు ఒళ్లో పెట్టుకుని నొక్కుతూ, "ఏమయ్యా, ఒంటిమీద ధ్యాసుందా నీకు?" అని తిట్టేది. ఆవిడ పోయాక, ఆ నొక్కుడు కోసం, అంతకన్నా ఆ తిట్ల కోసం ఆయన ప్రాణం కొట్టుకులాడేది.

మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరికి వేసి ఆరోగ్యకేంద్రానికి వెళ్లాడు. నర్సమ్మ ఆయన చొక్కా చేయి పైకి మడిచి బీపీ పట్టీ చుట్టింది. గాలి ఎక్కేకొద్దీ అది చేతిని గట్టిగా పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"మళ్లీ ఎక్కువే బాబాయ్! మాత్రలు మింగుతున్నావా, పాతిపెట్టి మొక్కలు మొలిపిస్తున్నావా?"

"మింగుతున్నానమ్మా."

అబద్ధం. మొదట్లో బుద్ధిగానే మింగాడు. బీపీ దిగింది. "శభాష్, ఇక మూడు నెలలకి రా," అంది నర్సమ్మ. ఆ మూడు నెలలూ ఆయనకి యుగాలయ్యాయి. మానేస్తే పెరిగింది, పెరిగితే వారం వారం రమ్మంది. ఒంట్లో ఏ నొప్పీ లేదాయె, నష్టమేముంది అనుకున్నాడు పిచ్చి మహారాజు.

ఇవాళ నర్సమ్మ వెంటనే పట్టీ విప్పలేదు. ఆయన చేతిమీద చెయ్యి వేసింది.

"నాకు భయమేస్తోంది బాబాయ్. మా నాన్న ఇలాగే పోయాడు. మాత్రలు వేసుకో. తగ్గినా సరే, వారం వారం రా. నిన్ను నాలుగు తిట్టకపోతే నాకూ తోచదు."

ఆయన దారంతా తనలో తనే నవ్వుకున్నాడు. ఇంత చిన్న మాట ముందే అడిగి ఉంటే పోయేది కదా! కొట్టుకొచ్చి, రోజూ ఊరివాళ్లని కూర్చోబెట్టే కుర్చీలో తనే దర్జాగా కూర్చుని, సొరుగులోంచి పాత పౌడరు డబ్బా తీశాడు.

సాయంత్రం పక్కకొట్టు ఆవిడ టీ తెచ్చి పిలిచింది. పలకలేదు. కునుకు పట్టిందేమో అనుకుని భుజం తట్టింది. తల పక్కకి వాలిపోయింది. మొహంలో ఇంకా ఆ నవ్వే ఉంది.

కబురు విని నర్సమ్మ పరుగున వచ్చింది. అలవాటుగా ఆయన మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అద్దం ముందు సగం తాగిన నీళ్ల గ్లాసు, పక్కన మూత తీసిన పౌడరు డబ్బా. నిండా మాత్రల షీట్లు, ఒక్కటీ చింపనివి. అన్నిటికన్నా పైనున్న షీటులో మాత్రం ఒకే ఒక్క గుంట ఖాళీగా ఉంది.