మా ఆయన ఒళ్ళు సున్నితం

మా ఆయనకి కొత్త చొక్కా కొనగానే కాలరు లోపలి లేబుల్ బ్లేడుతో విప్పడం నా పని. ఒక్క పోగు మిగలకూడదు. మిగిలితే ఆఫీసు నుంచి రాగానే విప్పి నా ముందు పడేస్తాడు. "మా జయంత్ ఒళ్ళు సున్నితమమ్మా, చూసుకోవాలి" అని పెళ్ళయిన మూడో రోజే అత్తగారు కామేశ్వరమ్మగారు చెప్పారు. అతను లేచేదాకా మిక్సీ వేయకూడదు. దుప్పట్లకి గంజి పెట్టకూడదు. పప్పులో టమాటా తొక్క నాలిక్కి తగలకూడదు. తొమ్మిదేళ్ళుగా బందరులో ఈ ఇల్లు అతని చర్మం, అతని చెవులు చెప్పినట్టే నడుస్తోంది. గూడూరు హైస్కూల్లో పొద్దస్తమానం లెక్కలు చెప్పి వచ్చే నా ఒళ్ళు ఎలా ఉందో ఒక్కరూ అడగలేదు.

మా అమ్మాయి సంజనకి ఇవాళ్టితో ఏడేళ్ళు. యూనిఫాం కుట్టు గుచ్చుకుంటోందని ఏడుస్తుంది. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని మంచం కిందకి దూరుతుంది. తల దువ్వబోతే కేకలు. దానికి మాత్రం ఈ ఇంట్లో వేరే పేరు పెట్టారు. "మొండిఘటం. ఆడపిల్లకి ఇంత పెంకితనమైతే రేపు ఎవరింట్లో నెగ్గుకొస్తుంది? అంతా నీ గారాబమే" అంటారు అత్తగారు. "నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుంది" అంటాడు జయంత్, నేను లేబుల్ విప్పిన చొక్కా తొడుక్కుంటూ.

ఎవరికైనా చూపించమని దాని టీచరు చెప్పాక, రెండు నెలలుగా ప్రతి ఆదివారం గుడివాడ బస్సెక్కి, పిల్లల్లో ఇలాంటి ఇబ్బందులకి తర్ఫీదిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు లక్ష్మీప్రసన్నగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. మొదటి రోజు ఆవిడ ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. బట్టల లేబుళ్ళు గుచ్చుకుంటాయా? హఠాత్తుగా చప్పుడైతే ఉలిక్కిపడుతుందా? కూరలో ముక్క తగిలితే డోకు వస్తుందా? టిక్కులు పెడుతూ పెడుతూ ఆగిపోయాను. అది నా కూతురి కాగితమే కాదు, నా మొగుడి కాగితం కూడా.

"మొండితనం కాదండీ. మనకి చెయ్యి తగిలినట్టుండేది తనకి గీరినట్టుంటుంది. ముందు చెప్పి, నిదానంగా, అదిమి తాకండి. బలవంతంగా మాత్రం పట్టుకోకండి, భయం పెరిగిపోతుంది" అన్నారావిడ.

నాకు కడుపు మండిపోయింది. జయంత్‌కి చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఈ వైద్యమే జరుగుతోంది. మొదట వాళ్ళమ్మ చేసింది, ఇప్పుడు నేను చేస్తున్నాను. మగపిల్లాడికైతే సున్నితం, ఆడపిల్లకైతే పొగరు. ఇంటికొచ్చి చెప్తే జయంత్ నవ్వాడు. "ఆవిడకి ఫీజు కావాలి, నీకు ఆదివారం షికారు కావాలి" అన్నాడు.

పోయిన పుట్టినరోజుకి అత్తగారు సంజనకి నూనె రాసి, నలుగుపిండితో రుద్ది తలంటుతుంటే జయంత్ కాళ్ళు పట్టుకున్నాడు, నేను చేతులు పట్టుకున్నాను. అది నా మొహంలోకి చూస్తూ "అమ్మా, అమ్మా" అని అరిచింది. నా చేతుల్లోంచే తనని విడిపించమని నన్నే పిలిచింది. ఆ పాపం నాది. ఇంకెవరి మీదకీ నెట్టను.

ఇవాళ పొద్దున్న మళ్ళీ బాత్‌రూములో పీట వేశారు. "ఉమా, చేతులు పట్టుకో. ఒరేయ్ జయంత్, నువ్వు కాళ్ళు పట్టుకోరా" అన్నారు అత్తగారు. సంజన నా నడుం చుట్టేసి వణుకుతోంది.

"నేను పట్టుకోనండీ. దాని ఒళ్ళు అదే రుద్దుకుంటుంది."

"ఏడాదికోసారేగా. పది నిమిషాలు ఏడిస్తే ఏం కాదు" అన్నాడు జయంత్.

నేను అతని వైపు చూడలేదు. "అత్తయ్యగారూ, ఈయనకి తలంటడం మీరు ఎప్పుడు మానేశారు?"

ఆవిడ మొహం మెత్తబడింది. "ఐదో ఏటేనమ్మా. పిండి ఒంటికి తగిలితే గిలగిల్లాడిపోయేవాడు. కన్నతల్లిని కదా, చూడలేకపోయాను."

"నేనూ కన్నతల్లినేనండీ" అన్నాను.

ఆవిడని బయటికి రమ్మని, సంజనని లోపలికి పంపి, మగ్గు దాని చేతికిచ్చి తలుపు దగ్గరగా వేశాను. పీట తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. ఇక నా కూతుర్ని ముట్టుకోవాలంటే ముందు నా చేతులు పట్టుకోవాలి.