అద్దె గ్రహం మీద అభిప్రాయం

కళ్ళజోళ్ళ షాపాయన్ని ఆ వీధిలో అందరూ కుండబద్దలు అనేవాళ్ళు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ఆ పేరు ఆయనకి పుస్తకాల వల్ల వచ్చింది. షాపులో చూస్తే నోట్లో నాలుక లేని మనిషి. ఏ మొహానికి ఏ ఫ్రేము పెట్టుకుని అడిగినా "బానే ఉందండి" అని ఊరుకునేవాడు. పుస్తకం మాటొస్తే మాత్రం మొహమాటం ఆ చుట్టుపక్కలకే వచ్చేది కాదు.

డిటెక్టివ్ నవల అయితే, మొదట మర్యాదగా టీ ఇచ్చినవాడే హంతకుడని తేల్చేసేవాడు. కాకపోతే రచయితే పొరపడ్డాడనేవాడు. ప్రేమ నవలల గురించి అడిగితే, "వాళ్ళిద్దరూ ఒక్కసారి ఎదురెదురుగా కూచుని మాట్లాడుకుంటే రెండో అధ్యాయంలో తెమిలిపోయే గొడవండీ అది" అనేవాడు. ఆత్మకథలు ఆయనకి గిట్టవు. పుట్టిన దగ్గర్నుంచీ మంచివాళ్ళయినవాళ్ళే అవి రాస్తారెందుకో అర్థం కాదనేవాడు.

సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం. ప్రాణం కాబట్టే దానికి వాతలు ఎక్కువ పడేవి. "అంతరిక్ష నౌక ఎలా నడుస్తుందో యాభై పేజీలు చెప్తారు. ఎక్కినవాడికి కడుపులో తిప్పిందో లేదో ఒక్క ముక్క చెప్పరు" అనేవాడు. "వేరే గ్రహంవాళ్ళు మన భాషలో మనకంటే బాగా ఉపన్యాసాలిస్తారు. అంత దూరం పోయింది ఉపన్యాసం వినడానికా?" అనేవాడు.

ఈ మాటలన్నీ ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ మేడమీది గదిలో జరిగేవి. పొడుగాటి బల్ల, కిర్రుమనే కుర్చీలు, సగం తిరిగి ఆగిపోయే ఫ్యాను. లైబ్రేరియన్ గారు, పక్క సందులో పళ్ళ డాక్టరు, బస్సు నడిపి రిటైరైన పెద్దాయన, మన కుండబద్దలు, ఇంకో నలుగురైదుగురు. అందరూ ఒకే పుస్తకం చదివి వచ్చి మాట్లాడుకునేవాళ్ళు. ఎవరు ఏమన్నా చివరికి అందరి చూపులూ కుండబద్దలు వైపే తిరిగేవి. ఆయన బాగుందన్న పుస్తకం ఎలా ఉంటుందో ఇంకా ఎవరూ చూడలేదు.

ఆ నెల వచ్చిన పుస్తకం 'అద్దె గ్రహం'. ఆ ఊళ్ళోనే నీటి సరఫరా ఆఫీసులో పనిచేసే ఒకావిడ రాసిన మొదటి నవల. లైబ్రేరియన్ గారు ప్రెస్సు నుంచి ఒక కట్ట తెప్పించి తలా ఒకటి పంచింది.

కుండబద్దలు దాన్ని షాపులోనే మొదలుపెట్టాడు. డబ్బున్నవాళ్ళకి సెలవులు గడపడానికి అద్దెకిచ్చే ఒక చిన్న గ్రహం. దాని ఆలనాపాలనా చూసుకోవడానికి కంపెనీ ఒక మొగుడూ పెళ్ళాన్ని పంపుతుంది. వాళ్ళు దిగుతారు, సామాను విప్పుతుంటారు. అంతలో పేజీ తిప్పితే వాక్యం పుటుక్కున తెగి, ఆవిడ మంచం మీద చివరి ఘడియల్లో ఉంటుంది. కుండబద్దలు ఉలిక్కిపడ్డాడు. ఆవిడ పోతుంది. మొగుడు ఒక్కడే గ్రహమంతా ఊడుస్తూ తిరుగుతాడు. కంపెనీ గ్రహాన్ని మూసేస్తే పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాడు. ఇంకా సగం పుస్తకం మిగిలే ఉంది. ఇంకేముంటుందబ్బా అని పేజీ తిప్పితే, ఆవిడ గుమ్మంలో కూచుని ఉంది. "ఆ బురద చెప్పులు బయటే విప్పండి, ఇప్పుడే కడిగాను" అంటోంది.

ఎలా వచ్చిందో రచయిత్రి చెప్పలేదు. ఆ మొగుడు ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. చెప్పులు విప్పాడంతే.

అక్కడ కుండబద్దలు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుగా ఫ్రేము పెట్టుకుని చూసుకుంటున్న ఒకమ్మాయి, "బాలేదా అంకుల్?" అని కంగారుగా అడిగింది. ఆయనకి వినపడలేదు.

ఆదివారం నాడు రచయిత్రి కూడా వచ్చింది. లైబ్రేరియన్ గారు పిలిచిందట. నలభై ఏళ్ళుంటాయి. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర ఒదిగి కూచుంది. కుండబద్దలు గురించి ఎవరో ముందే చెప్పినట్టున్నారు, ఆయన దగ్గినా ఉలిక్కిపడుతోంది.

డాక్టరు మొదలుపెట్టాడు. "నాకు సగందాకా బాగుందండీ. ఆవిడ పోయాక మాత్రం కొంచెం బరువుగా నడిచింది."

"బరువుగానా?" అన్నాడు కుండబద్దలు. "పోయిన మనిషి తిరిగొచ్చి చెప్పులు విప్పమంటుంటే మీకు బరువుగా ఉందా డాక్టరు గారూ?"

"తిరిగి రావడమేంటండీ?"

"అదేనండీ పుస్తకం. ఆ తర్వాత పుస్తకం అయ్యేదాకా బతికే ఉంటుంది కదా ఆవిడ. ఎలా బతికిందని ఎవరూ అడగరు. నేనింతవరకూ చదివిన సైన్స్ ఫిక్షన్‌లో ఇంత ధైర్యం చూడలేదు. ఒక్క యంత్రం లేదు, ఒక్క సిద్ధాంతం లేదు. చనిపోయింది, వచ్చింది, ఇల్లు కడిగింది. అంతే."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆయన ఒక పుస్తకాన్ని మెచ్చుకుంటున్నాడన్న ఆశ్చర్యం ఒకటి, ఏ పుస్తకాన్ని మెచ్చుకుంటున్నాడో తెలియని తికమక ఒకటి.

బస్సాయన మెల్లిగా అన్నాడు. "నేను రెండుసార్లు చదివానండీ. ఆవిడ రాలేదు. వస్తుందేమోనని నేనూ చూశాను."

"సరిగ్గా చదవలేదు మీరు."

రచయిత్రి గొంతు సవరించుకుంది. "నేను కూడా... అలా రాయలేదండీ."

"రాసినవాళ్ళకి ఒక్కోసారి తెలీదమ్మా ఏం రాశారో," అన్నాడు ఆయన చాలా ఆదరంగా. "వాక్యాలు సగంలో తెంపారు చూడండి, ఆ తెంపడంలోనే ఉంది అంతా. పేజీ నెంబర్లు కూడా వెనక్కి తిప్పారు. కాలం వెనక్కి పోతుంటే పేజీ మాత్రం ముందుకెందుకు పోవాలి? నాకది ఎంత నచ్చిందో చెప్పలేను."

లైబ్రేరియన్ గారు చెయ్యి చాపింది. "ఏదండీ, ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వండి."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది, వీపు దగ్గర వేలితో నొక్కి చూసింది, కుట్లు చూసింది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది. "ఫారాలు, అదే పేజీల కట్టలు, తారుమారుగా కుట్టారండీ ప్రెస్సువాళ్ళు. మొదటి ఫారం అవగానే వెనక సగం తెచ్చి పెట్టేశారు, మధ్య భాగం చివరికి పోయింది. మీ ఒక్క కాపీయే ఇలా వచ్చినట్టుంది."

మొదట డాక్టరు నవ్వాడు. తర్వాత ఆపుకోలేక అందరూ నవ్వారు. బస్సాయన మాత్రం నవ్వలేదు, పుస్తకం వైపు ఆశగా చూశాడు. రచయిత్రి కూడా నవ్వలేదు. కుండబద్దలు చెవులు ఎర్రగా కందిపోయాయి.

ఇంటికెళ్ళేటప్పుడు లైబ్రేరియన్ గారు సరైన కాపీ ఒకటి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని మర్నాడే పూర్తిచేశాడు. తప్పుపట్టడానికేమీ లేదు. ఇద్దరు వస్తారు, బతుకుతారు, ఒకరు పోతారు, ఒకరు మిగులుతారు. భాష శుభ్రంగా ఉంది. కడుపులో తిప్పడం కూడా ఉంది. కానీ చెప్పులు విప్పే చోటు వచ్చినప్పుడు అది ఉత్త చెప్పులు విప్పడమే అయింది. ఆవిడ ఇంకా పోనే లేదు మరి, ఇల్లు కడుక్కుంటే అందులో వింతేముంది?

అదే ఆయనకి కొరుకుడు పడలేదు. అక్షరం తేడా లేదు. మరి తను కళ్ళు తుడుచుకున్నది ఎవరు రాసిన దానికి? ఆవిడ రాసిందానికా, ప్రెస్సులో కునికిపాట్లు పడుతూ ఫారాలు కుట్టినవాడు చేసిందానికా? ఇన్నేళ్ళూ ఇది మంచిది, అది చెత్త అని చెప్పిన తీర్పుల్లో ఎన్ని ఇలాంటివో? షాపులో ఒకాయనకి దూరపు అద్దాల బదులు దగ్గరి అద్దాలు బిగించి ఇచ్చేశాడు. ఆయన గుమ్మం దాటబోయి తలుపుకి గుద్దుకుని వెనక్కి వచ్చాడు.

భార్యకి ఈ గోల చూసి ముచ్చటేసింది. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. పిల్లల పుస్తకాలు తప్ప వేరేవి ముట్టుకోదు. అలాంటిది తప్పుల కాపీ తీసుకుని రెండు సాయంత్రాలు చదివింది.

"ఎలా ఉంది?" అన్నాడాయన ఆత్రంగా.

"బానే ఉంది. కానీ ఆ రెండో ఆవిడ కూడా మొదటావిడలాగే శుభ్రం పిచ్చిది దొరికిందేంటండీ?"

"రెండో ఆవిడెవరే?"

"ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు కదా. మొదటావిడ పోయాక వేరే ఊరు వెళ్ళాడుగా పెట్టె సర్దుకుని. అక్కడ."

కుండబద్దలు కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ ఏమని కాదంటాడు? ఆ కాపీలో అలా లేదని చెప్పడానికి ఒక్క వాక్యం కూడా దొరకడం లేదు. తల గోక్కుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆ వారంలోనే రచయిత్రి షాపుకి వచ్చింది. కళ్ళజోడు కోసం కాదు.

"ఆ కాపీ ఒకసారి చూడొచ్చాండీ?"

ఆయన తీసిచ్చాడు. కంటిచూపు పరీక్ష చేసే కుర్చీలో కూచుని, అక్షరాల పటం ఎదురుగా, ఆవిడ పేజీలు తిప్పింది. చదువుతున్నంతసేపూ మొహం ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారింది.

"ఇది మోసమండీ," అంది చివరికి. "మా అమ్మ పోయింది. ఆవిడ పోయిన సంగతి సరిగ్గా చెప్పడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. మళ్ళీ వచ్చినట్టు రాస్తే అబద్ధం కదా? ఒక్క చోట కూడా అలా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను." అంటూనే పేజీ వెనక్కి తిప్పింది, గుమ్మంలో కూచున్న చోటుకి. "కానీ ఇక్కడ..." అని ఆగింది. "మీరు చెప్పండి. మొహమాటం లేకుండా చెప్తారని అంటారుగా. ఏది బాగుంది?"

"నిజం చెప్పమంటారా అమ్మా? నాకు తెలీడం లేదు. మీరు రాసింది మంచి పుస్తకం. ఇది నన్ను ఏడిపించింది. రెండిట్లో ఉన్నవీ అవే మాటలు. నాకు బుర్ర పనిచేయడం లేదు."

ఆవిడకి కోపం రాలేదు. పుస్తకం మూసి, "నాన్నకి ఇస్తాను ఇది. మంచి కాపీ ఇస్తే సగంలో మూసేశారు. అమ్మ పోయే చోటు దాటి చదవలేకపోయారు. ఇందులో ఆ ముక్క ముందే అయిపోతుందిగా" అంది.

ఇవ్వడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. అయినా ఇచ్చాడు.

కొన్నాళ్ళకి ఒక పెద్దాయన, రచయిత్రి వాళ్ళ నాన్న, షాపు మెట్లు ఎక్కి వచ్చాడు. చంకలో పుస్తకం. ఒకప్పుడు ఏదో పెద్ద అతిథిగృహానికి కాపలా చూసేవాడట, భార్యతో కలిసి. ఇద్దరే ఉండేవాళ్ళట అంత భవనంలో. కూచోమంటే కూచోలేదు.

"బాబూ, ఇది నీదేనట. చదివేశాను. ఒక్క అనుమానం ఉండిపోయింది," అంటూ చివరి పేజీ తీశాడు. "మా ఆవిడ ఇక్కడ 'రేపు పొద్దున్నే మనం' అంటుంది. అక్కడితో అయిపోయింది పుస్తకం. రేపు పొద్దున్నే ఏంటి?"

మీ అమ్మాయినే అడగొచ్చు కదా అనబోయి కుండబద్దలు మానుకున్నాడు. సొరుగులోంచి మంచి కాపీ తీసి, ఆ చోటు వెతికి, పైకి చదివాడు. "'రేపు పొద్దున్నే మనం దుప్పట్లన్నీ ఎండలో వెయ్యాలి, మర్చిపోకండి.'"

పెద్దాయన తల ఊపాడు. "అవును. అదే అంటుంది. ఎండ ఉంటే చాలు, దుప్పట్లే ఆవిడకి." కుండబద్దలు పేజీ తిప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ తర్వాత పేజీలో ఏముందో చదవకు."

కుండబద్దలు పుస్తకం మూసేశాడు. ఆ తర్వాత పేజీలో ఉన్నది పెద్దాయన ఆ తప్పుల కాపీలో చదివేసిందే. ముందెప్పుడో చదివి దాటేసిందే. మరి ఇప్పుడు వద్దనడమేమిటో, చదివింది చదవనట్టు ఎలా అయిందో ఆయనకి అంతుపట్టలేదు.

"ఇది నీకు కావాలా బాబూ?" అని అడిగాడు పెద్దాయన, పుస్తకాన్ని మళ్ళీ చంకలో పెట్టుకుంటూనే.

"వద్దండీ. మీ దగ్గరే ఉంచండి."

తర్వాతి ఆదివారం లైబ్రరీలో ఎవరూ ఆటపట్టించలేదు. ఒక దొంగతనం నవల మీద మాటలు నడిచాయి. డాక్టరు అది మరీ సాగదీసినట్టుందన్నాడు. బస్సాయన అలా ఏం లేదు, తీరుబడిగా ఉందన్నాడు. అలవాటుగా అందరూ కుండబద్దలు వైపు తిరిగారు.

ఆయన పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి నెంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకుంటూ వెళ్ళాడు. అన్నీ వరసగానే ఉన్నాయి. అయినా బాగుందో లేదో తేలలేదు.

"తీరుబడిగా ఉందని ఎందుకనిపించిందండీ మీకు?" అని బస్సాయన్ని అడిగాడు.

ఇన్నేళ్ళలో తనని ఎవరూ అలా అడగలేదు కాబట్టి, బస్సాయన కాసేపు తడుముకుని, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.